బాత్రూమ్ రాతి మీద మొండి మరకలు: యాసిడా, సోడానా, పట్టా, పాలిషా?

శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ఏ హార్డ్‌వేర్ షాపుకెళ్ళి బాత్రూమ్‌లో మరకలు పోవట్లేదని చెప్పినా, ముందు చేతిలో పెట్టేది యాసిడ్ సీసానే. "పోసి పది నిమిషాలు ఒగ్గేసి తోమీండి, పోద్ది" అంటారు. గ్లేజు టైల్స్‌కీ కమోడ్‌కీ ఆ సలహా సరిపోతుంది. కింద పరిచింది రాయైతే మాత్రం ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఏ రాయి? అది అడక్కుండా ఇచ్చిన సీసా చాలా ఇళ్ళల్లో మరకను వదిలేసి రాయిని తింటోంది. తర్వాత ఆ తిన్నచోటే కొత్త మరకలా కనిపిస్తుంది, దానిమీద మళ్ళీ అదే సీసా పోస్తారు.

మొండి మరకకి మన ఊళ్ళల్లో దొరికే దారులు ఐదు: యాసిడ్, బ్లీచింగ్, సోడా-సబ్బు-బ్లేడు, పట్టు (మందు కలిపిన ముద్ద మరక మీద వేసి ఆరనివ్వడం), మిషన్ పాలిష్. వీటిలో "అన్నిటికన్నా మంచిది" అంటూ ఏదీ లేదు. ఏది ఎంచుకోవాలన్నది ఈ కింది నాలుగు సంగతుల మీద ఉంటుంది.

ఎంచుకునే ముందు చూడాల్సినవి

మొదటిది, రాయి జాతి. మన బాత్రూముల్లో కనబడే రాళ్ళు రెండు కుటుంబాలవి. ఒకటి గ్రానైట్. టెక్కలి చుట్టుపక్కల క్వారీల నుంచి వచ్చే నీలి గ్రానైట్ మనకి ఇంటి రాయే. ఇందులో ఎక్కువగా ఉండేవి క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్. ఇవి మామూలు యాసిడ్‌కి అంత తొందరగా లొంగవు. రెండోది సున్నపురాయి కుటుంబం: రాజస్థాన్ మార్బుల్, పాత ఇళ్ళల్లోని కడప బండలు, తాండూరు, బేతంచెర్ల బండలు. పేర్లూ రంగులూ వేరైనా వీటి ఒళ్ళు ముఖ్యంగా కాల్షియం కార్బొనేటే. యాసిడ్ తగిలితే పొంగి కరిగిపోతుంది.

పాలిష్ పట్టిన నల్ల కడప బండ, నల్ల గ్రానైట్ నిలబడి చూస్తే ఒక్కలాగే ఉంటాయి, కాబట్టి కంటిని నమ్మొద్దు. కమోడ్ వెనకో తలుపు మూలో ఎవరికీ కనబడని చోట ఒక నిమ్మరసం చుక్క వేసి, ఐదు నిమిషాలాగి తుడిచి, టార్చిలైటు ఏటవాలుగా పట్టి చూడండి. చుక్క పడ్డచోట మెరుపు చచ్చి మసకగా ఉంటే అది సున్నపురాయి కుటుంబం. ఏ మార్పూ లేకపోతే గ్రానైట్ అనుకోవచ్చు. చుక్క కింద రాయి తడిసి నల్లబడి, ఆరాక మామూలైతే ఆ రాయి నీళ్ళు తాగుతోందని అర్థం. దాన్లోకి నూనెలూ రంగులూ కూడా అలాగే దిగుతాయి.

రెండోది, మరక ఎక్కడుంది. కళ్ళు మూసుకుని వేలిగోటితో గీకండి. గరుకుగా, ఎత్తుగా తగిలితే అది పైన పేరుకున్న పొర: ఉప్పు నీళ్ళ గార, సబ్బు జిడ్డు. నున్నగా ఉండి రంగు మాత్రం తేడాగా ఉంటే లోపలికి దిగినది: నూనె, పసుపు, హెయిర్ డై, తుప్పు. ఎత్తూ లేదు, రంగూ లేదు, మెరుపు మాత్రం పోయిందంటే అది అసలు మరకే కాదు. ఎప్పుడో పోసిన యాసిడ్ రాయిని కొరికిన గుర్తు. దీన్ని ఏ సీసా, ఏ పొడి, ఎంత తోమినా తీయలేవు. షాపుల్లో "మరక పోవట్లేదు" అనే ఫిర్యాదుల్లో ఈ రకమే ఎక్కువని నా అనుమానం.

మూడోది, బాత్రూమ్‌ని ఎన్ని రోజులు ఖాళీగా ఉంచగలరు. సిరిమానుకి చుట్టాలొస్తున్నారని రెండు రోజుల ముందు మొదలెడితే పట్టు వేసే తీరిక ఉండదు. రథసప్తమి రోజుల్లో, గాలి పొడిగా ఉన్నప్పుడు, అదే పని హాయిగా అవుతుంది.

నాలుగోది, పోసింది ఎక్కడికి పోతుంది, ఎవరు పీలుస్తారు. కిటికీ లేని బాత్రూమ్, ఆయాసం ఉన్న పెద్దవాళ్ళు, సెప్టిక్ ట్యాంకు: మూడూ ఉన్న ఇంట్లో ఘాటు రసాయనాలు ఎంత తక్కువ వాడితే అంత మంచిది. యాసిడ్, బ్లీచింగ్ ఎక్కువగా పోతే సెప్టిక్ ట్యాంకులో మలాన్ని అరిగించే సూక్ష్మజీవులు చచ్చిపోతాయి.

| దారి | గ్రానైట్ మీద | మార్బుల్, కడప, తాండూరు మీద | దేనికి పనికొస్తుంది | పట్టే సమయం |
|---|---|---|---|---|
| యాసిడ్ | పలచనిది, కాసేపు మాత్రమే | వద్దు | ఉప్పు గార | నిమిషాలు |
| బ్లీచింగ్ | పలచగా సరే | పలచగా సరే, నల్ల రాయి మీద పరీక్షించాకే | పాచి, బూజు | పది నిమిషాలు |
| సోడా, సబ్బు, బ్లేడు | సరే | సరే, బ్లేడు జాగ్రత్త | సబ్బు జిడ్డు, పైపొరలు | ఒక పూట |
| పట్టు | సరే | సరే, మందు ఎంపిక జాగ్రత్త | నూనె, పసుపు, డై, తుప్పు | రెండు మూడు రోజులు, ఒక్కోసారి వారం; తుప్పుకి గంట లోపే |
| మిషన్ పాలిష్ | కష్టం, ఖర్చు | బాగా కుదురుతుంది | యాసిడ్ తిన్న గుర్తులు, గీతలు | ఒకటి రెండు రోజులు |

యాసిడ్: గ్రానైట్ ఇంటికి అప్పుడప్పుడు, మార్బుల్ ఇంటికి ఎప్పుడూ వద్దు

బోరు నీళ్ళు ఆరిన చోట తెల్లగా, గట్టిగా కట్టే గారలో ఎక్కువ భాగం కాల్షియం కార్బొనేట్. మార్బుల్ కూడా కాల్షియం కార్బొనేటే. ఈ ఒక్క సంగతి తెలిస్తే సగం గొడవ తీరుతుంది. గారను కరిగించే మందేదైనా దానికింది రాయినీ కరిగిస్తుంది, రెంటికీ తేడా దానికి తెలియదు. నిమ్మకాయ, చింతపండు, వెనిగర్ ఇంటి వస్తువులు కదా అని నమ్మేవాళ్ళున్నారు. అవీ యాసిడ్లే, కాకపోతే నెమ్మదిగా తింటాయి. హార్పిక్ లాంటి టాయిలెట్ సీసాల్లో ఉండేదీ హైడ్రోక్లోరిక్ యాసిడే. కమోడ్ కడిగేటప్పుడు పక్కన మార్బుల్ మీద కారిన చుక్కలు అలాగే మచ్చలై మిగిలిపోతాయి.

గ్రానైట్ మీద గారకైతే బజారు యాసిడ్ దాకా వెళ్ళక్కర్లేదు. వెనిగర్‌లో సగానికి సగం నీళ్ళు కలిపి, గుడ్డ తడిపి గార మీద వేసి, ఐదు పది నిమిషాలాగి, ప్లాస్టిక్ గరిటెతో గీకి, వెంటనే బాగా నీళ్ళు పోయండి. ఒకసారికి పోకపోతే మళ్ళీ చేయొచ్చు. ఘాటు యాసిడ్‌తో గ్రానైట్‌కీ చిక్కులున్నాయి. లేత రంగు గ్రానైట్‌లో ఇనుము ఉన్న ఖనిజాలుంటే యాసిడ్ తగిలాక అవి పసుపుపచ్చగా, తుప్పురంగుగా తేలతాయి, తెల్ల రాయి మురికి రాయవుతుంది. బండల మధ్య జాయింట్లలో నింపిన తెల్ల సిమెంటును యాసిడ్ మెల్లగా తోడేస్తుంది. ఆ సందుల్లోంచి నీళ్ళు కిందికి దిగి, కింది అంతస్తు సీలింగ్‌లో చెమ్మగా బయటపడతాయి. మరక పోయిందన్న సంతోషం ఆ బిల్లుతో తీరిపోతుంది.

సీసా మీద ఫ్లోరైడ్ అని ఏ రూపంలో రాసి ఉన్నా, తుప్పు తీసే మందని చెప్పినా, ఇంట్లో వాడొద్దు. గ్రానైట్‌ని కూడా తినేది ఆ జాతి యాసిడే. ఒంటి మీద పడితే కాలిన గాయం లోపలికి పాకుతుంది.

బ్లీచింగ్: పాచికి మంచిది, తుప్పు మరకకి వద్దు

వానాకాలంలో మూలల్లో పట్టే పచ్చటి పాచికీ, నల్లటి బూజుకీ ఇదే సరైనది. క్షార గుణం ఉన్నది కాబట్టి యాసిడ్‌లా సున్నపురాయిని కొరకదు. ద్రవరూపంలో దొరికే బ్లీచ్‌లో ఒక వంతుకి పది వంతుల నీళ్ళు కలిపి, పది నిమిషాలుంచి, కడిగేస్తే చాలు. నల్ల కడప బండ మీద ముందు ఓ మూల పరీక్షించండి, రంగు వెలిసే ప్రమాదముంది.

వాడకూడని చోటు ఒకటుంది. మరక గోధుమరంగులోనో నల్లగానో ఉండి, అది నీళ్ళల్లో వచ్చే ఇనుము వల్లో మాంగనీసు వల్లో పట్టినదైతే బ్లీచింగ్ దాన్ని ఇంకా గట్టిపరుస్తుంది. బోరు నీళ్ళు బకెట్లో పట్టినప్పుడు తేటగా ఉండి, కాసేపటికి పచ్చబడుతుంటే వాటిలో ఇనుము ఉన్నట్టే. గాలి తగిలి అది తుప్పుగా మారుతోంది. బ్లీచింగ్ కూడా ఆ పనే, ఇంకా వేగంగా చేస్తుంది. మాంగనీసు మరక ఇంకా నల్లగా ఉంటుంది. గరివిడి, గర్భాం వైపు మాంగనీసు గనులున్న నేల సంగతి అందరికీ తెలిసిందే. ఆ చుట్టుపక్కల బోరు వాడుతూ నల్ల చారలతో విసిగిపోతున్నవాళ్ళు మరక మీద ఖర్చుపెట్టే ముందు నీళ్ళు పరీక్ష చేయించుకోవడం తెలివైన పని. గ్రామీణ నీటి సరఫరా విభాగానికి పరీక్ష ల్యాబులున్నాయి.

ఒకదాని మీద ఒకటి ఎప్పుడూ పోయకూడనివి: బ్లీచింగ్, యాసిడ్. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. తలుపు మూసిన చిన్న బాత్రూమ్‌లో అది ప్రాణం మీదికి తెస్తుంది. "ఒకదానితో పోలేదు, రెండోది పోద్దాం" అనుకునే క్షణంలోనే ఇది జరుగుతుంది.

సోడా, సబ్బు, బ్లేడు: ముందు ఇదే

ఏ రాయైనా, ఏ మరకైనా మొదటి ప్రయత్నం దీనితోనే చేయమంటాను. డబ్బు పోదు, రాయి పోదు. గిన్నెలు కడిగే ద్రవం గోరువెచ్చని నీళ్ళల్లో కలిపి పోసి, పావుగంట నాననిచ్చి, మెత్తటి బ్రష్షుతో తోమండి. సబ్బు జిడ్డు మొండిగా ఉంటే (సబ్బు, ఉప్పు నీళ్ళు కలిసి కట్టే బూడిదరంగు పొర అది) చాకలి సోడా గోరువెచ్చని నీళ్ళల్లో కరిగించి వాడండి, చేతులకి తొడుగులు వేసుకుని.

మార్బుల్ మీద గార కట్టినవాళ్ళకి ఉన్న నిజాయితీ గల దారి ఇదొక్కటే, మందు కాదు, గీకడం. కొత్త బ్లేడుని దాదాపు రాయికి ఆనించినట్టు పడుకోబెట్టి, తడిగా ఉంచుతూ, ఒకే వైపుకి తోయండి. నిలబెట్టి గీకితే గీతలు పడతాయి. చేతికి విసుగు పుట్టే పని, కానీ రాయి మెరుపు మిగులుతుంది. స్టీలు పీచు మాత్రం బాత్రూమ్ రాయి మీద వాడొద్దు. విరిగిన సన్నటి పోగులు సందుల్లో ఇరుక్కుని, మర్నాటికి తుప్పు చుక్కలుగా మొలుస్తాయి. కొబ్బరి పీచు మెరుగు.

పట్టు: లోపలికి దిగిన మరకకి

ఒంటి మీద వాపుకి పట్టు వేసినట్టే ఇదీ. మరకను కరిగించే ద్రవాన్ని పీల్చుకునే పొడితో కలిపి ముద్ద చేసి, రాయి మీద వేసి ఆరనిస్తారు. తడిగా ఉన్నప్పుడు ద్రవం లోపలికి దిగి మరకను కరిగిస్తుంది, ఆరేటప్పుడు ఆ తడి పైకి వస్తూ మరకను పొడిలోకి లాగుతుంది. అంటే అసలు పని ఆరడంలోనే జరుగుతుంది. సగం ఆరగానే కడిగేసి "పని చేయలేదు" అనేవాళ్ళే ఎక్కువ.

పద్ధతి ఇదీ. మరకని ముందు మంచినీళ్ళతో తడిపి తుడవండి (నెయిల్ పాలిష్ తుడిచే అసిటోన్ అనే ద్రవంతో వేసే పట్టుకైతే తడపొద్దు). ముద్దని వేరుశనగ వెన్నంత చిక్కగా కలిపి, అర సెంటీమీటరు నుంచి సెంటీమీటరు మందంగా, మరక అంచుల దాటి రెండు వేళ్ళ వెడల్పు వరకు పరవండి. మీద ప్లాస్టిక్ కవరు కప్పి, అంచులకి టేపు వేసి ఒక రోజు ఉంచండి. తర్వాత కవరు తీసి పూర్తిగా ఆరనివ్వండి. మన కోస్తా గాలిలో జూలై నుంచి నవంబరు దాకా ఇది తొందరగా ఆరదు, ఫ్యాను పెట్టాల్సిందే. ఎండి బీటలు వారాక ప్లాస్టిక్ గరిటెతో తీసి, కడిగి, ఒక రోజాగి చూడండి. తడి రాయి ఎప్పుడూ మరక ఉన్నట్టే కనిపిస్తుంది.

ముద్దలో ఏం కలపాలన్నది మరకని బట్టి.

*నూనెలు.* ఉద్దానం కొబ్బరి నూనె ఇళ్ళల్లో, అభ్యంగనాలు జరిగే ఇళ్ళల్లో, గ్రానైట్ మీద నల్లటి తడిమచ్చలా కనిపించేది ఇదే. తాజాదైతే తినే సోడా, నీళ్ళు కలిపిన ముద్ద చాలు. పాతదైతే ముల్తానీ మట్టిలో అసిటోన్. ఒకసారికి లేతబడుతుంది, రెండు మూడుసార్లు వేయాల్సి రావచ్చు. అసిటోన్ ఆవిరి చటుక్కున అంటుకుంటుంది. గ్యాస్ గీజరు ఉన్న బాత్రూమ్‌లో దాన్ని ఆర్పి, సిలిండరు కట్టేసి, కిటికీ తీసి మాత్రమే. పీవీసీ తలుపు, పైపుల మీద పడితే పాడవుతాయి. పలాస వైపు జీడి గింజలు కొట్టే ఇళ్ళల్లో చేతులు కడిగే చోట పడే జీడి నూనె మరక కూడా తాజాగా ఉంటేనే ఈ పట్టుకి లొంగుతుంది. ఎండి గట్టిపడితే మిషనే గతి.

*పసుపు.* పెళ్ళి నలుగుల తర్వాత తాండూరు బండ మీద పట్టిన పసుపుని సబ్బుతో తోమితే ఎర్రబడుతుంది. భయపడొద్దు, పసుపులో సున్నం కలిపితే ఎర్రబడటం లాంటిదే, క్షారం తగిలిన రంగు. ఎండ పడే కిటికీ ఉంటే కొన్నాళ్ళకి దానంతటదే వెలుస్తుంది, పసుపు రంగు వెలుతురుకి నిలవదు. ఆగలేకపోతే మందుల షాపులో దొరికే 6 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌ని తినే సోడాతో కలిపి పట్టు వేయండి. హెయిర్ డైకి, గోరింటాకుకి కూడా ఇదే ముందు ప్రయత్నించాలి. లేత రంగు రాళ్ళకే ఇది. నల్ల రాయి మీద పెరాక్సైడ్ రంగు తీసేయొచ్చు.

*తుప్పు.* ఇనుప స్టాండు, గీజరు స్క్రూలు, షేవింగ్ క్రీమ్ డబ్బా అడుగు. అన్నిటిలోకీ కష్టమైనది. పాత భవనాల రాయి శుభ్రం చేసేవాళ్ళు వాడేది సోడియం హైడ్రోసల్ఫైట్. మన వైపు బెల్లం రంగు తేలడానికి వేసే "హైడ్రోస్" అంటే ఇదే. ఒక వంతు సోడియం సిట్రేట్‌ని ఆరు వంతుల నీళ్ళల్లో కరిగించి మరకని బాగా తడిపి, మీద హైడ్రోస్ పలచగా చల్లి, తడిపిన సుద్ద ముద్దతో కప్పుతారు. ఇది మాత్రం రోజంతా ఉంచేది కాదు. గంట దాటితే నల్లటి మచ్చ పడొచ్చు. ముల్తానీ మట్టి ఇక్కడ పనికిరాదు, దానిలోనే ఇనుము ఉంటుంది. తడి తగిలిన హైడ్రోస్ డబ్బాలోనే వేడెక్కి అంటుకోగలదు, ఘాటైన గంధక వాయువు వదులుతుంది. చేతకాదనిపిస్తే ఈ పని మార్బుల్ పాలిష్ మేస్త్రీకే వదిలేయడం మంచిది.

రాయి అడుగునుంచి చెమ్మ పైకొస్తూ అంచుల్లో తెల్లటి పొడి తేలుతుంటే పట్టుతో పని లేదు. ముందు పైపు లీకు, జాయింట్లు చూడండి. పొడి బ్రష్షు కొట్టి తీసినా, నీళ్ళు ఆగేదాకా మళ్ళీ వస్తుంది.

మిషన్ పాలిష్: యాసిడ్ తిన్న రాయికి

మెరుపు చచ్చిన మార్బుల్‌కి మందు లేదు, పై పొరని అరగదీయడమే. డైమండ్ ప్యాడ్లు గరుకు నుంచి నున్నవి దాకా వరసగా మారుస్తూ చేస్తారు, చివర్లో ఆక్సాలిక్ పొడి వాడటం మేస్త్రీల అలవాటు. మార్బుల్ మెత్తనిది కాబట్టి ఫలితం బాగుంటుంది. కడప బండ కూడా అరుగుతుంది గానీ పొరలు పొరలుగా లేచే అంచుల దగ్గర జాగ్రత్త. గ్రానైట్‌ని ఇంట్లో అరగదీసి ఫ్యాక్టరీ మెరుపు తేవడం చాలా కష్టం, మూలకి మిషను అందదు, పాలిష్ చేసిన చోటూ చేయని చోటూ తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. చదరపు అడుగు లెక్కన మాట్లాడేటప్పుడు చిన్న బాత్రూమ్‌కి "మినిమమ్" ఎంతో ముందే అడగండి. రాతి బురద ట్రాప్‌లోకి పోకుండా బకెట్లలో ఎత్తిస్తామని కూడా చెప్పించుకోండి. అది గొట్టంలో సిమెంటులా గడ్డకడుతుంది.

ఎవరికి ఏది

అద్దె ఇంట్లో ఉన్నవాళ్ళు సోడా, సబ్బు, బ్లేడు దాటి వెళ్ళొద్దు. మరక ఓనరుది, యాసిడ్ మచ్చ మాత్రం మీ అడ్వాన్సులోంచి పోతుంది. ఇల్లు చేరిన రోజే ఫోన్లో ఫొటోలు తీసుకుంటే ఇంకా మంచిది.

ఒకే బాత్రూమ్ ఉన్న ఇంట్లో రోజుల తరబడి పట్టు కుదరదు. మరక ఉన్న మూలని మాత్రం కవరుతో కప్పి, ఆ వైపు నీళ్ళు పడకుండా బకెట్టు స్నానం చేసుకుంటే చిన్న మరకలకి కుదురుతుంది. షవరు కింద మరకైతే ఊరెళ్ళే రోజులు చూసుకోండి.

పెద్దవాళ్ళున్న ఇల్లు: పాలిష్ మేస్త్రీ అద్దంలా చేస్తానంటే వద్దనండి. తడి మార్బుల్ అద్దంలా ఉంటే కాలు జారుతుంది. నున్నటి ప్యాడ్ల దాకా పోకుండా, మెరుపు రాకముందే మధ్యలో ఆపమంటే మసక నునుపు వస్తుంది. దాని మీద తర్వాత పడే యాసిడ్ మచ్చలు కూడా అంతగా కనబడవు. కాలు జారే ప్రమాదం వల్లే, పాత కడప బండకి నల్లగా మెరవాలని నూనె రాసే అలవాటు మానుకోవాలి.

కొత్తగా కట్టుకునేవాళ్ళు, బోరు నీళ్ళు ఉప్పగా ఉండే ఊళ్ళల్లో స్నానం చేసే చోట ముదురు రంగు, గరుకు ఫినిష్ గ్రానైట్ వేసుకుంటే ఈ వ్యాసం అవసరమే రాదు. మార్బుల్ మీద మనసుంటే వాష్ బేసిన్ గోడకి పెట్టుకోండి, నీళ్ళు నిలిచే నేలకి వద్దు. జాయింట్లకి తెల్ల సిమెంటు బదులు ఎపాక్సీ నింపిస్తే ఖర్చెక్కువ గానీ యాసిడ్‌కీ చెమ్మకీ నిలుస్తుంది.

మరక పూర్తిగా పోయాక, రాయి రెండు రోజులు బాగా ఆరాక, లోపలికి ఇంకే రకం సీలర్ ఒకటి పట్టించండి. ముందే పట్టిస్తే మరకని లోపలే తాళం వేసినట్టవుతుంది. సీలర్ నూనెనీ రంగునీ ఆపుతుంది, యాసిడ్‌ని ఆపదు. పట్టించిన మర్నాడు నీటి చుక్క వేసి చూడండి. కాసేపటికీ రాయి నల్లబడకపోతే సరిగ్గా ఇంకినట్టే, నల్లబడితే రెండో కోటు వేయించాలి.